చెక్కను పోలిన రేకు: అనుకృతి, ప్రతినిధి, సత్యం

ఒక ద్రవ్యం మరొక ద్రవ్యపు రూపాన్ని ధరించటం అసత్యమా, లేక రూపం ఏ ఒక్క ద్రవ్యానికీ సొంతం కానందువల్ల అందులో దోషమేమీ లేదా అన్న ప్రశ్న భారతీయ తత్త్వచింతనలో పాతదే అయినా, ఇటీవలి కాలపు ఇంటి కప్పు ఒకటి దాన్ని మళ్లీ చర్చకు తెస్తున్నది. పలుచని ఉక్కు రేకుకు జింకు, అల్యూమినియం కలిసిన పూత పూసి, దాన్ని అచ్చులో ఒత్తి, చెక్క నారలాంటి గీతలనూ ఎగుడుదిగుడు అంచులనూ తేల్చి, పైన రంగుగానీ సన్నని రాతిపలుకుల పొరగానీ పట్టించి తయారుచేసే ఈ కప్పు, దేవదారు దుంగను నార వెంబడి చీల్చి వరసలుగా పరచిన చెక్కపలకల కప్పులా దూరానికి కనిపిస్తుంది. చీల్చిన చెక్కపలకలతో ఇళ్లు కప్పుకొనే అలవాటు ఉత్తర అమెరికాలోనూ, మన దేశంలో హిమాలయ ప్రాంతాలలోనూ ఉన్నదే గాని, చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో ఎన్నడూ లేదు. చెట్టు కంటే రాయి సులువుగా దొరికే ఈ మెట్టనేలలో బండలు పరచిన కప్పులు, మట్టిమిద్దెలు, గడ్డి కొట్టాలు ఉండేవి. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో పెంకుల కార్ఖానా నెలకొల్పిన తరువాతి కాలంలో యంత్రపు పెంకులు వచ్చాయి. ఆ పైన రేకులు, కాంక్రీటు వచ్చాయి. బెంగళూరు నగరం ఉత్తరానికి పెరుగుతూ నంది కొండ చేరువకు వచ్చిన ఈ కాలంలో, తోట ఇళ్లకూ విడిదులకూ చెక్కపోలిక రేకు కూడా ఎంచుకోదగిన కప్పులలో ఒకటయింది.

ఇటువంటి ప్రశ్నను విచారించటానికి పూర్వమీమాంసకులు ఏర్పరచుకొన్న పద్ధతికి అధికరణమని పేరు. విచారించవలసిన వస్తువు విషయం, దాని మీద పుట్టే రెండు వైపుల ఆలోచన సంశయం, ముందుగా వినవలసిన ఎదుటి వాదం పూర్వపక్షం, దానికి సమాధానంగా నిలిచే నిర్ణయం సిద్ధాంతం, ఈ విచారణకు తక్కిన శాస్త్రంతో గల సంబంధం సంగతి అని దానికి అయిదు అంగాలు చెబుతారు. ఇక్కడ విషయం చెక్కను పోలిన రేకు. అది చూసేవాణ్ణి మోసగించే వస్తువా, న్యాయమైన అనుకరణా అన్నది సంశయం.

పూర్వపక్షానికి మొదటి బలం అద్వైతం నుంచి వస్తుంది. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యానికి పీఠికగా రాసిన అధ్యాస భాష్యంలో, ఒకదాని మీద మరొకదాని ధర్మాలను ఆరోపించటాన్ని అధ్యాస అంటారు. ముత్యపుచిప్పను చూసి వెండి అనుకోవటం దానికి అందరికీ తెలిసిన దృష్టాంతం. చిప్పలో వెండి లేకపోయినా వెండి తోచినట్లే, ఉక్కులో చెక్క లేకపోయినా చెక్క తోస్తున్నది. పైగా చిప్ప తనంతట తాను మెరుస్తుంది గాని ఎవరినీ భ్రమపెట్టాలని మెరవదు. రేకునైతే చెక్కలా తోచేటట్లు ఒకరు పూనుకొని చేశారు. అజ్ఞానం వల్ల కలిగే భ్రమే తొలగించదగినదైతే, సంకల్పించి కలిగించే భ్రమ మరింత నింద్యం కావాలి గదా అని పూర్వపక్షి అడుగుతాడు. అతనికి రెండవ బలం ఈ నేల మీదనే ఉంది. వేమన మొదలుకొని తెలుగు తత్త్వకవులు వేషాన్ని, అంటే లోపల లేని గుణాన్ని బయట చూపించే తీరును, విడవకుండా ఎండగట్టారు. ఆ తత్త్వ సంప్రదాయానికి చింతామణి తాలూకా కైవారం ఒక ముఖ్య స్థానం. తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పిన కైవార తాతయ్య, అనగా యోగి నారేయణులు, 1726 నుంచి 1836 వరకు జీవించారని సంప్రదాయం చెబుతుంది. గాజుల మలారం మోసిన ఈ యోగి పేరు మీద భక్తులు పాడుకొనే పాటలు వినిపించే ఊళ్లలో, లోహం కాషాయం కట్టినట్లు చెక్కరంగు పూసుకోవటం వేషం కాక మరేమిటని పూర్వపక్షి ఆక్షేపణ.

ఈ వాదాన్ని ఉన్నదున్నట్లు అంగీకరిస్తే మొదట కూలేది ఇంటి కప్పు కాదు, గుడి. చిక్కబళ్లాపురానికి దగ్గరలో, నంది కొండ పాదాన ఉన్న భోగనందీశ్వరాలయం క్రీ.శ. 806 నాటి శాసన ప్రస్తావన గల క్షేత్రం. నొలంబులు, బాణులు, గంగులు, చోళులు, హొయసలులు, విజయనగర పాలకులు వేర్వేరు కాలాలలో దానికి చేర్పులు చేశారు. అక్కడి విమానాల గోడకు పైన వంపుగా ముందుకు వచ్చే చూరును శిల్పశాస్త్రం కపోతం అంటుంది. గడ్డి కప్పు అంచు కిందికి వంగే తీరు రాతిలో స్థిరపడి కపోతమయిందని వాస్తు చరిత్రకారుల అభిప్రాయం. ఆ చూరు మీద వరసగా కనిపించే లాడం ఆకారపు అలంకారాన్ని నాసి అనీ కూడు అనీ అంటారు. అది ఒకనాటి కర్ర ఇళ్లలో, దూలాలు వంచి కట్టిన గూడు కప్పుకు ముందు వైపు ఉండే గవాక్షపు రూపం. గాలి వెలుతురుల కోసం కర్రలో పుట్టిన కిటికీ, గాలిగాని వెలుతురుగాని చొరని రాతిలో ముద్రగా మిగిలింది. హంపి విఠలాలయపు చూరుల అడుగున వాసాలు సైతం రాతిలోనే చెక్కి ఉన్నాయి. రాతిబండకు వాసాల ఆధారం అక్కరలేదు, అయినా శిల్పి వాటిని వదలలేదు. ఇంకా వెనక్కి వెళితే, తెలుగు నేల మీద గుంటుపల్లిలో కొండను తొలిచి చేసిన గుండ్రని బౌద్ధ చైత్యం లోకప్పుకు కర్రవాసాల చట్రం మొత్తం రాతిలో దిగింది. దానికీ మునుపే, మౌర్యుల కాలంలో, బిహారులోని లోమశ ఋషి గుహ ద్వారం కొయ్య కుటీరపు ముఖద్వారాన్ని అనుకరించింది.

రెండు వేల ఏళ్లకు పైబడిన ఈ అలవాటును శిల్పుల అబద్ధమని ఎవరూ అనలేదు, ఎందుకంటే చూసినవారెవరూ దాన్ని కర్ర అనుకోలేదు. పోలిక ఉన్నచోటల్లా భ్రమ ఉండదన్న ఈ సంగతిని నిష్కర్షగా చెప్పినవాడు తొమ్మిదవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు శ్రీశంకుకుడు. అతని గ్రంథం లభించకపోయినా, అభినవగుప్తుడి అభినవభారతి ద్వారా అతని మతం తెలుస్తున్నది. నటుణ్ణి చూసి ప్రేక్షకుడు రాముడనుకొనే జ్ఞానం ఎటువంటిదని విచారించి, అది యథార్థ జ్ఞానం కాదు, మిథ్యాజ్ఞానం కాదు, అవునో కాదో అన్న సంశయం కాదు, రాముడిలా ఉన్నాడన్న సాదృశ్య జ్ఞానమూ కాదు అని నాలుగింటినీ తోసిపుచ్చి, బొమ్మలోని గుర్రాన్ని చూసి గుర్రం అన్నప్పుడు కలిగేది ఏ జ్ఞానమో అదే ఇది అన్నాడు. దీన్నే చిత్రతురగ న్యాయం అంటారు. బొమ్మగుర్రాన్ని గుర్రం అన్నవాడు దాని మీద జీను వేయబోడు. అలాగే గుంటుపల్లి చైత్యంలో నిలబడి వాసాలను చూసేవాడు వాటికి చెదలు పట్టాయేమోనని తట్టి చూడడు.

అయితే శ్రీశంకుకుణ్ణి ఆక్షేపించిన భట్టతౌతుడు, అంటే అభినవగుప్తుడి గురువు, వేసిన ప్రశ్న చిక్కబళ్లాపురం సీమకు మరీ సరిగా తగులుతుంది. అనుకరణను అనుకరణగా గుర్తించాలంటే మూలాన్ని ముందు చూసి ఉండాలి. రాముణ్ణి ఏ ప్రేక్షకుడూ చూడలేదు గనుక నటుడు రాముణ్ణి అనుకరిస్తున్నాడన్న మాటకు ఆధారం ఏమిటని అతని ఆక్షేపణ. శంకరులు చెప్పే అధ్యాసకు కూడా పూర్వానుభవం కావాలి. వెండిని ఎన్నడూ చూడనివాడికి చిప్పలో వెండి తోచదు. చింతామణి సంతకు వచ్చే రైతు చీల్చిన చెక్కపలకల కప్పును చూసి ఉండడు గనుక, కొత్త రేకు అతనికి చెక్కగా తోచే అవకాశం లేదు. గీతలు దిద్దిన ఒక రేకుగానే తోస్తుంది. చలిదేశాల ఇళ్లను సినిమాలలో, చిత్రాలలో చూసి ఇష్టపడిన యజమానికి మాత్రం అది చెక్కను గుర్తుచేస్తుంది. కాని తాను కొన్నది ఉక్కేనని అతనికి అందరికంటే బాగా తెలుసు. ఎరగనివాడికి భ్రమ కలగటం లేదు, ఎరిగినవాడు భ్రమ పడటం లేదు. కాబట్టి అధ్యాస ఆధారంగా పూర్వపక్షి కట్టిన వాదం ఇక్కడ నిలవదు.

భ్రమ లేదన్నంత మాత్రాన అనుకృతి ధర్మ్యమని తేలలేదు. ఒక ద్రవ్యం స్థానంలో మరొకటి ఎప్పుడు నిలవవచ్చు అన్న ప్రశ్నకు మీమాంసలో ప్రతినిధి విచారం ఉంది. జైమిని సూత్రాల ఆరవ అధ్యాయం మూడవ పాదంలో ఇది విస్తారంగా సాగుతుంది. విహితమైన వస్తువు దొరకనప్పుడు దాని బదులు వాడేది ప్రతినిధి. యాగానికి వరిధాన్యం విధించి, అది దొరకకపోతే, నీవారం అనే నివ్వరి ధాన్యం వాడతారు. సోమలత దొరకకపోతే పూతీకమనే తీగను పిండుతారు. నివ్వరిని ఎంచుకోవటానికి కారణం అది చూపుకు వరిలా ఉండటం మాత్రమే కాదు. వరిలో ఏ అవయవాలు, అంటే ఏ అంశాలు, పురోడాశమనే యాగపు రొట్టెకు పనికివస్తాయో వాటిని పోలినవి నివ్వరిలో ఉన్నాయి గనుక, యాగం చేసే యజమాని ఆ అంశాలనే గ్రహిస్తున్నాడని మీమాంసకుల సమాధానం. పోలికను వారు కంటితో కాక కార్యంతో కొలిచారు. ఆ కొలతకు హద్దులు కూడా పెట్టారు. ఆరికలు, మినుములు యజ్ఞానికి తగవని నిషేధం ఉన్నందున పోలిక ఎంతున్నా అవి ప్రతినిధులు కాలేవు. దేవతకు, అగ్నికి, మంత్రానికి, విధించిన క్రియకు ప్రతినిధి లేదు. ఫలం కోరి సంకల్పించిన యజమానికీ లేదు. ఇక వాడుతున్న ప్రతినిధి కూడా చెడిపోతే, దాన్ని పోలినదాన్ని కాక, మొదట విధించిన ముఖ్య ద్రవ్యాన్ని పోలినదాన్నే మళ్లీ వెతకాలని వారి నిర్ణయం. నకలుకు నకలు తీస్తూ పోతే మూలానికి దూరమవుతామన్న జాగ్రత్త అందులో ఉంది.

ఈ న్యాయాన్ని గుడి చూరుకూ రేకు కప్పుకూ అన్వయించి చూస్తే, రెండింటికీ గల భేదం బయటపడుతుంది. కపోతం గడ్డి చూరును రూపంలోనే కాక పనిలోనూ అనుసరిస్తుంది. వాననీటిని గోడకు దూరంగా జార్చటం గడ్డి అంచు చేసిన పని, అదే పని రాతి అంచూ చేస్తుంది. కనుక అది నిజమైన అర్థంలో ప్రతినిధి. నాసికి, విఠలాలయపు రాతివాసాలకు అటువంటి పని లేదు; అవి అలంకారాలు. అలాగే ఉక్కు రేకు కప్పుగా చేసే పని అంతా ఉక్కుగానే చేస్తున్నది: నీరు చొరకుండటం, నిప్పు అంటుకోకపోవటం, చెదలు పట్టకపోవటం, తేలికగా ఉండి దూలాల మీద భారం వేయకపోవటం, ఇవన్నీ లోహపు గుణాలు. నారగీతల వల్ల వీటిలో ఒక్కటీ పెరగదు. కప్పు పనికి సంబంధించి రేకు చెక్కకు ప్రతినిధి. చెక్కపోలికకు సంబంధించి మాత్రం అలంకారం. ఈ రెండు పాత్రలను కలిపివేసి, అలంకారమే ప్రతినిధిత్వమని భావించటం వల్ల పూర్వపక్షి ఆక్షేపణకు చోటు దొరికింది. అలంకారం మీద సత్యాసత్యాల విచారణ సాగదు; కాలికి పెట్టిన పారాణి చర్మపు రంగును గూర్చి ఏమీ ప్రకటించదు.

లోహం తన పేరుతోనే కుటీరానికి కప్పు కాగలదని చూపే ఉదాహరణలు ధార్మిక వాస్తువులోనే ఉన్నాయి. చిదంబరంలో నటరాజు కొలువైన చిత్సభ కొయ్యతో కట్టిన కుటీరాకృతి. దాని మీద పరచినవి బంగారు పలకలు. అవి 21,600 అనీ, మనిషి ఒక దినంలో తీసే శ్వాసల లెక్క అదేననీ సంప్రదాయం వివరిస్తుంది. అక్కడ బంగారం చెక్కను నటించలేదు. కుటీరపు రూపాన్ని నిలుపుతూ బంగారంగానే ఉంది. కేరళలో అనేక ఆలయాలు కొయ్య చట్రం మీద రాగిరేకు కప్పుకొన్నాయి. 1553లో కట్టిన మనాలి హిడింబ ఆలయానికి మూడు అంతస్తుల చెక్కపలకల కప్పు, అన్నిటికీ పైన లోహం తొడిగిన శిఖరం ఉన్నాయి. భీముడు బకాసురుణ్ణి వధించిన ఏకచక్రపురం తమ ఊరేనని చెప్పుకొంటూ భీమలింగేశ్వరుణ్ణి కొలిచే కైవారానికి, భీముడి భార్య వెలసిన ఆ కొండగుడి కథలో చుట్టమే అవుతుంది. చెక్కా లోహమూ దేని పని అది చేస్తూ ఒకే కప్పు మీద ఉండటం ఆ గుడిలోని విశేషం. ఇటువంటి కట్టడాలను మయమతం వంటి వాస్తుగ్రంథాలు నిందించవు. ఒకే ద్రవ్యంతో కట్టినదాన్ని శుద్ధమనీ, రెండింటితో కట్టినదాన్ని మిశ్రమనీ, అంతకు మించినదాన్ని సంకీర్ణమనీ పేర్లు పెట్టి మూడింటినీ అంగీకరిస్తాయి.

ధార్మిక దృష్టిలో అసలు చిక్కు ద్రవ్యంలో లేదు, ద్రవ్యం వెంట పలికే మాటలో ఉంది. శిథిలమైన ప్రతిమను తొలగించి కొత్తదాన్ని నిలిపే జీర్ణోద్ధార విధిలో, పాతదాని ప్రమాణానికీ ద్రవ్యానికీ సరిపడిన ప్రతిమనే ప్రతిష్ఠించాలని అగ్నిపురాణం చెబుతుంది. ఈ నియమం ప్రధానమైన మూర్తికి. కప్పు అంగమే గనుక, భజనమందిరం మీద బండలు తీసి రేకు వేసినా పూజకు లోపం రాదు. కాని దాత కొయ్యకప్పు చేయిస్తానని సంకల్పం చెప్పి చెక్కరంగు రేకు వేయిస్తే, లేదా అమ్మేవాడు కొయ్య అని చెప్పి ఉక్కును అంటగడితే, అక్కడ అసత్యం నిశ్చయంగా ఉంది. అది రేకుది కాదు, నోటిది. ఇంతవరకు విచారణ రేకును నిర్దోషిగానే తేలుస్తుంది. చెట్టును నరకకుండా చెట్టు అందాన్ని తలచుకోవటంలో కొంత అహింస కూడా ఉన్నదని రేకు పక్షం వారు వాదించవచ్చు. ఇనుప ఖనిజాన్ని తవ్వి కొలిమిలో కరిగించటంలోని హింసను వారు ఆ లెక్కలో కలుపుకోవలసి ఉంటుంది.

ఇంకొక్క విషయం మిగిలింది, కఠినమైనది అదే. చెక్కపోలిక రేకుల రంగులలో వెండిబూడిద వన్నె ఒకటి ఉంటుంది. దేవదారు పలక కొత్తదిగా ఉన్నప్పుడు ఎరుపుగానో పసుపుగానో ఉండి, ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసిన తరువాత ఆ బూడిదరంగుకు వస్తుంది. కాబట్టి ఆ రంగు అచ్చుపడిన రేకు చెక్క ఆకారాన్ని మాత్రమే కాక చెక్క వయసును కూడా అనుకరిస్తున్నది. ఆకారం అందరికీ చెందినది, ఎవరైనా తీసుకోవచ్చు. వయసు అటువంటిది కాదు, దాన్ని గడిపినవారికే అది ఉంటుంది. చింతామణికి చేరువలోని కైలాసగిరి మీద ఇటీవలి కాలంలో కొండను తొలిచి గుహాలయాలు చేశారు. వాటికి పాతగుహల రూపం ఉన్నా ప్రాచీనమైనవని ఎవరూ చెప్పలేదు, కొండను నిజంగా తొలిచారు గనుక గుహ గుహే అయింది. రూపాన్ని పాతకాలం నుంచి తీసుకొని శ్రమను తమ కాలంలో పెట్టటం న్యాయమైన అనుకృతి. పడని ఎండను పడినట్లు, తడవని వానకు తడిసినట్లు చూపించటం వేరు. తత్త్వకవులు వేషాన్ని తప్పుపట్టింది ఈ కారణానికే. కాషాయం అనే బట్టతో వారికి పేచీ లేదు, ఆ బట్ట సూచించే తపస్సు జరగకుండానే జరిగినట్లు చెప్పుకోవటంతో పేచీ. గురువు పరదేశిస్వామి ఇచ్చిన గులకరాయిని నోట ఉంచుకొని తపస్సు చేస్తే అది కలకండగా మారిందని కైవార తాతయ్య చరిత్రలో చెప్పుకొనే కథ కూడా ఈ భేదాన్నే నిలుపుతుంది. గులకరాయికీ కలకండ పలుకుకూ చూపులో భేదం అంతగా ఉండదు. కథలో గురువుగాని శిష్యుడుగాని దాని రూపాన్ని పరీక్షించలేదు, గడిచిన తపస్సుకు రుచి సాక్ష్యం పలికింది.

యజమానికి ప్రతినిధి లేడన్న మీమాంసకుల నిర్ణయానికి సంగతి ఇక్కడ కుదురుతుంది. ధాన్యానికి బదులు ధాన్యం, తీగకు బదులు తీగ, అవసరమైతే చెక్కకు బదులు లోహం నిలవవచ్చు గాని, సంకల్పించి అనుభవించవలసినవాడి బదులు మరొకడు నిలవలేడు. కాలం కూడా అనుభవించినదానికే చెందుతుంది గనుక అది బదులు పెట్టలేనివాటి కోవలోకి వస్తుంది. కాబట్టి సిద్ధాంతం మూడు భాగాలుగా తేలుతున్నది. కప్పుగా రేకు చెక్కకు ప్రతినిధి, అది నిర్దోషం. చెక్కపోలిక అలంకారం, చెక్క అని నోటితో చెప్పనంత వరకు అదీ నిర్దోషం. పూసుకొన్న వయసు మాత్రం మిథ్య. అది ఎవరికీ పెద్ద కీడు చేయని చిన్న మిథ్యే అయినా, వేషమన్న మాట దానికి చెల్లుతుంది. ఆ మిథ్యకు విరుగుడు కూడా కాలమే. ఉక్కురేకుకు తనదైన వార్ధక్యం ఉంది: పూత వెలిసిపోవటం, కోసిన అంచుల దగ్గర, మరలు బిగించిన రంధ్రాల దగ్గర తుప్పు పుట్టటం, రాతిపలుకులు ఒక్కొక్కటే రాలటం. ఆ గుర్తులు వచ్చిననాడు వాటిని దాచకుండా, మళ్లీ బూడిదరంగు పూయకుండా ఉంచటానికి యజమాని ఒప్పుకొంటే, ఆ కప్పుకు కనిపించే వయసు అది నిజంగా గడిపిన వయసే అవుతుంది, పూర్వపక్షికి చెప్పటానికి మరేమీ మిగలదు.